నాలుగు బాటల కూడలిలో స్టీఫెన్ హిస్లాప్ గారు

బిలాసపూరు సదర్ బజారులో కావలసినవి కొనుక్కొని, మూటలు కట్టుకొని, సెలవులకు స్వస్థలములకు పోవు తెలుగు రైల్వే కుటుంబములలో నాగపూరు మీదుగా పోవువారు అనేకులు. గోందియా, భండారా దాటిన పిమ్మట, నాగపూరు ఇంక పది మైళ్లుండగా, రైలు కన్హాన్ నదిమీది వంతెనను దాటును. ఆ వెంటనే వచ్చు స్టేషను కామఠీ. దిగువారు కొందరు, ఎక్కువారు కొందరు. అంతలోనే బండి సాగిపోవును. ఆ యూరి పేరు పలకమీద చదివి మరచువారే గాని, రైలు రాకమునుపు అదియెట్టి స్థలమో యెరిగినవారు తక్కువ.

1821లో ఈస్టిండియా కంపెనీవారు అచ్చట నది యొడ్డున నొక దండును నెలకొల్పిరి. నాగపూరు అప్పటికి భోంస్లే రాజుల రాజ్యము. దండు మాత్రము మదరాసు సైన్యమునకు చెందినది. కావున మరాఠీ హిందీ భాషలు కలియు ఆ దేశము నడుమ తెలుగును తమిళమును మాటలాడు సిపాయిలు, వారి భార్యాబిడ్డలు, వారివెంట వచ్చిన వర్తకులు, వంటవారు, చాకళ్లు కాపురముండిరి. దండులోని పెద్ద అంగడికి ఆ కాలమున సదర్ బజారు అని పేరు. ఆ పేరు ఉత్తర దేశమందలి ఎన్ని యూళ్లకు అంటుకొన్నదో చెప్పనక్కరలేదు.

ఆ దండు బజారు నానాటికి పెరుగుటకు కారణము బాటలు. జబ్బలపూరునుండి శివనీ మీదుగా దిగివచ్చు బాట, ఛత్తీస్‌గఢ్ మైదానమునుండి భండారా మీదుగా వచ్చు బాట, హైదరాబాదు దిక్కునుండి ఎక్కివచ్చు బాట, బొంబాయి వైపునుండి అమరావతి మీదుగా వచ్చు బాట, ఇవన్నియు నాగపూరు కామఠీల చెంతనే కలిసెడివి. సాత్పురా కొండల సరకు కామఠీ మీదుగా నాగపూరు చేరెడిది. లంబాడీలు ఎద్దుల మందలమీద ఛత్తీస్‌గఢ్ ధాన్యమును దింపి, సముద్రతీరపు ఉప్పును ఎక్కించుకొని మరల అడవిదారి పట్టెడివారు. వానకాలమున నాలుగు నెలలు ఆ బాటలు బురదలో మునిగియుండెడివి. వంతెనలు లేని వాగులు ఎన్నియో. ఈ వాగుల మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఈ కూడలికి 1845 ఫిబ్రవరి మాసమున, ఇరువది యేడేండ్ల వయస్సున, స్టీఫెన్ హిస్లాప్ గారు వచ్చి చేరిరి.

వారు 1817 సెప్టెంబరు 8వ తేదీన స్కాట్లండు దేశమున డన్స్ అను చిన్న పట్టణములో జన్మించిరి. బాల్యమునుండియు పురుగులను, రాళ్లను, గవ్వలను ఏరి తెచ్చి చూచుట వారికి మిక్కిలి ఇష్టమైన పని. ఎడింబరో, గ్లాస్గో విశ్వవిద్యాలయములలో చదివి, సుప్రసిద్ధుడగు థామస్ చామర్స్ పండితుని యొద్ద వేదాంతవిద్య నభ్యసించిరి. 1843లో స్కాట్లండు సంఘము రెండుగా చీలెను. బోధకులను నియమించు విషయములో భూస్వాములకును ప్రభుత్వమునకును ఉన్న అధికారమును ఒప్పుకొననివారు, నాలుగు వందల యాభైకి పైగా బోధకులు, తమ జీతములను, ఇండ్లను, గుడులను విడిచి వెలుపలికి వచ్చి ఫ్రీ చర్చిని స్థాపించిరి. హిస్లాప్ గారు వారితో చేరిరి. ప్రభుత్వమువారి దయకు మెడ వంచనేరని స్వభావము వారికి అక్కడనే అలవడెనని చెప్పవచ్చును; తరువాత నాగపూరులో అది స్పష్టముగా కనబడినది.

మదరాసు సైన్యములో అధికారియగు సర్ విలియం హిల్ గారు ఇచ్చిన పెద్ద ద్రవ్యసహాయముతో ఫ్రీ చర్చివారు నాగపూరు సేవకు పూనుకొనిరి. హిస్లాప్ గారు వివాహము చేసికొన్న కొలది దినములకే భార్య ఎరాస్మా గారితో ఓడ ఎక్కి, 1844 డిసెంబరులో బొంబాయిలో దిగిరి. అక్కడినుండి నాగపూరునకు బండి ప్రయాణము. నేడు రైలులో ఒక రాత్రి ప్రయాణమగు ఆ దూరమునకు ఆనాడు వారములు పట్టినవి.

వారికి ముందు ఆ దేశమునకు వచ్చినవారి గతి తెలిసికొనక హిస్లాప్ గారి ధైర్యము మనకు తెలియదు. 1841 ప్రాంతమున జర్మనీ దేశపు గోస్నర్ గారు పంపిన యొక చిన్న గుంపు నర్మద పుట్టిన అమరకంటకమునకు సమీపమున కరంజియా అను గోండుల గ్రామములో స్థిరపడెను. బిలాసపూరునకు ఉత్తరమునగల కొండలే అవి. వారు కూలినాలి చేతిపనులతో జీవించుచు గోండుల నడుమ నివసింపవలెనని వచ్చినవారు. కొన్ని నెలలు తిరుగకముందే కలరా వారిమీద పడెను. పలువురు అక్కడనే మరణించిరి. మిగిలినవారు బాటపట్టి కామఠీ చేరిరి. క్రొత్తగా వచ్చిన దంపతులకు తొలి తోడు ఆ మిగిలినవారే.

హిస్లాప్ గారు మొదట మరాఠీ నేర్చిరి. 1846లో నాగపూరు నగరమున పాఠశాల తెరచిరి. కామఠీలో దక్షిణాది సిపాయిల పిల్లలకు పాఠములు, ఆదివారములలో ఆరాధన జరుగుచుండెను. మదరాసునుండి వచ్చిన స్వదేశ ఉపదేశకులు ఆ పనిలో సహాయులైరి. చలికాలము రాగానే హిస్లాప్ గారు గుడారమును పుస్తకములను బండి కెత్తి పల్లెలు తిరుగ బోయెడివారు. ఊరి రావిచెట్టు క్రింద కూర్చుండి సువార్త చెప్పుట, వచ్చినవారితో వారి ఊరిని గూర్చి, భాషను గూర్చి, దేవతలను గూర్చి అడిగి తెలిసికొనుట, సాయంకాలము గుడారములో దానిని వ్రాసికొనుట, ఇది వారి దినచర్య. చెప్పుటకంటె అడుగుట యెక్కువగా చేసిన మిషనరీలు అంతమంది లేరు.

పాఠశాల తెరచిన తొలి సంవత్సరములలోనే కఠినమైన పరీక్ష వచ్చెను. రాజ్యప్రజయైన యొక బ్రాహ్మణ బాలుడు క్రైస్తవ మతమును స్వీకరింప గోరి మిషను బంగళాను ఆశ్రయించెను. నాగపూరు స్వదేశ సంస్థానమగుటచేత, సంధి షరతులను చూపి బ్రిటిషు రెసిడెంటు ఆ బాలుని రాజుగారి మనుష్యుల కప్పగించెను. తమ దేశస్థుడగు అధికారి చేసిన ఆ పనికి హిస్లాప్ గారు బహిరంగముగా అభ్యంతరము చెప్పిరి, ఫలితము లేకపోయెను. బాలుని తలిదండ్రుల దుఃఖమును కూడ మనము మరువరాదు. ఏమైనను ఆ సంఘటన తరువాత బడిలో పిల్లలు పలుచబడిరి. మరల నిండుటకు కాలము పట్టెను. బాప్తిస్మములు ఆ సంవత్సరములలో వ్రేళ్లమీద లెక్కింపదగినన్నియే. లెక్కలను మాత్రమే చూచువారికి హిస్లాప్ గారి జీవితము నిష్ఫలముగా కనబడును.

1847లో రాబర్టు హంటర్ గారు సహాయకులుగా వచ్చిరి. ఈయనకు కూడ రాళ్లయందు మక్కువ. 1851లో నొకనాడు నాగపూరునకు పడమటనున్న టాకలీ వైపు వాహ్యాళికి పోయినప్పుడు, నల్లరాతి పొరల నడుమ చిక్కుకొన్న చిన్న గుల్లలు వారి కంటబడెను. అవి సముద్రపు గుల్లలు కావు, మంచినీటి గుల్లలు. అనగా దక్కను దేశమంతట పరచుకొన్న ఆ నల్లరాయి ఒక్కమారుగా పుట్టినది కాదనియు, ఒక అగ్నిప్రవాహమునకును మరియొక దానికిని మధ్య చెరువులు నిండి, నత్తలు బ్రదికి, మొక్కలు మొలచుటకు చాలినంత కాలము గడచెననియు ఆ గుల్లలు సాక్ష్యమిచ్చినవి. ఆ ప్రవాహములు ఇప్పటికి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందటివని నేటి శాస్త్రజ్ఞులు లెక్కగట్టియున్నారు. హిస్లాప్, హంటర్ గార్లు కనుగొన్న సంగతులను లండనులోని భూగర్భశాస్త్ర సంఘమువారు తమ పత్రికలో ప్రకటించిరి.

ఈ పని వారిని తెలుగు నేలకు కూడ తెచ్చినది. రాజమహేంద్రవరము చెంత కాతేరు, పంగిడి గ్రామములలో నల్లరాతి నడుమ దొరకిన గుల్లలను పరిశీలించి, వాటికి పేర్లు పెట్టి, 1860లో వివరముగా వ్రాసినవారు హిస్లాప్ గారే. గోదావరి యొడ్డు గుల్లలలో కొన్ని ఉప్పునీటివని, నాగపూరు గుల్లలకును వీటికిని భేదమున్నదని వారు చూపిరి. నేటి తెలంగాణములో ఆసిఫాబాదు ప్రాంతమందలి మాలేరినుండి వచ్చిన చేపపండ్లను, సరీసృపముల యెముకలను కూడ వారు సేకరించిరి. ప్రాణహిత యొడ్డుననున్న కోట గ్రామపు చేపరాళ్లను గూర్చి కూడ వారు వ్రాసిరి. ఆ కోట గ్రామము పేరనే తరువాత కోటసారస్ అని ఒక మహాసరీసృపమునకు పేరు పెట్టిరి. దాని అస్థిపంజరమును హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రములో బడిపిల్లలు చూచుచున్నారు.

సువార్తకై వచ్చినవాడు రాళ్లు ఏరుచు తిరుగుట తగునా యను ప్రశ్న సహజమే. హిస్లాప్ గారి దృష్టిలో ఇది రెండు పనులు కాదు. సృష్టికర్త చేసినదానిని శ్రద్ధతో చూచుటకును, ఆ సృష్టికర్తను గూర్చి చెప్పుటకును నడుమ వారికి గోడ కనబడలేదు. దీనికి వారు వెచ్చించినది ప్రయాణపు వేళలను, తెల్లవారుజామున నడకకు పోవు వేళలను. బడి మానుకొని రాళ్లకు పోయినవారు కారు.

రాళ్లయందున్న శ్రద్ధయే మనుష్యులయందును ఉండెను. ఆ దినములలో అధికారులకు గాని వర్తకులకు గాని గోండులు అడవిమనుష్యులు మాత్రమే. హిస్లాప్ గారు వారి తెగలను, వారి మాటలను, వారి పెండ్లిండ్లను, చావులను, దేవతలను గూర్చి ఏండ్ల తరబడి వ్రాసికొనిరి. గోండుల పూర్వీకుడగు లింగో వృత్తాంతమును, దానిని పాడు పరధానుల నోట విని, పాటగానే లిఖించిరి. కంటికి కన్ అనియు, నీటికి ఏర్ అనియు పలుకు ఆ భాష తెలుగునకు చుట్టమని ఆదిలాబాదు వాసులకు చెప్పనక్కరలేదు గాని, లిపి లేని ఆ భాష ఒక పండితుని చేత కాగితమెక్కుట ఆనాడు అరుదైన సంగతి. ఆ పాట తమ తరము తరువాత నిలుచునో లేదో యని పాడువారు భయపడిరో లేదో గాని, వినినవారు మాత్రము భయపడి వ్రాసిరి.

1853 డిసెంబరులో మూడవ రఘూజీ భోంస్లే కుమారుడు లేక మరణించెను. మరుసటి సంవత్సరము డల్హౌసీ ప్రభువు ఆ రాజ్యమును కంపెనీ వశము చేసెను. రాణివాసపు నగలను, ఏనుగులను, గుర్రములను వేలము వేయించిరి. ప్రజల మనస్సులలో ఆ గాయము ఆరలేదు. 1857 వేసవిలో నాగపూరు వద్దనున్న గుఱ్ఱపు దళములో కొందరును, నగరములో కొందరును కలిసి జూను 13వ తేదీ రాత్రి తిరుగుబాటునకు ఏర్పాటు చేసికొనిరి. హిస్లాప్ గారి స్నేహమును పొందిన యొక మహమ్మదీయుడు రహస్యముగా వచ్చి వారిని హెచ్చరించెను. వారు ఆ మాటను అధికారులకు తెలియజేసిరి. కామఠీనుండి మదరాసు దళములు వచ్చి నిలిచెను. తిరుగుబాటు మొదలే అణగెను. సీతాబల్దీ కోట బురుజులమీద కొందరిని ఉరితీసిరి. ఒక స్నేహము నగరములోని ఐరోపావారి ప్రాణములను కాపాడినది. ఆ కబురే మరికొందరి ప్రాణములు పోవుటకు దారియయ్యెను. తమ రాజ్యము పోయినందుకు లేచిన మనుష్యులు వారు. ఈ రెండు సంగతులను విడదీసి, మొదటిదానిని మాత్రమే చెప్పుకొనుట న్యాయము కాదు.

తరువాతి సంవత్సరములలో హిస్లాప్ గారి కలము అధికారులకు ముల్లయ్యెను. కంపెనీ వశమైన నాగపూరులో న్యాయస్థానములు సరిగా సాగుట లేదనియు, క్రింది ఉద్యోగుల లంచములకు అడ్డులేదనియు, పాలకులు చూచియు చూడనట్లున్నారనియు వారు పత్రికలలో వ్రాసిరి. దండులో ఆరాధనకు వచ్చువారే ఆ అధికారులు. వారి బల్లయొద్ద భోజనము చేసి, వారి చందాలు పుచ్చుకొని బడి నడుపుకొను మనిషికి ఇట్టి వ్రాతలు లాభకరములు కావు. అయినను మానలేదు. 1861లో ప్రభుత్వమువారు నాగపూరును, సాగరు నర్మదా దేశమును కలిపి సెంట్రల్ ప్రావిన్సెస్ అను క్రొత్త రాష్ట్రము నేర్పరచిరి. ఛత్తీస్‌గఢ్ కూడ అందులో చేరెను. మరుసటి సంవత్సరము సర్ రిచర్డ్ టెంపుల్ గారు చీఫ్ కమిషనరుగా వచ్చిరి. ఆ మార్పునకు కారణములు పెక్కు గాని, వాటిలో హిస్లాప్ గారి వ్రాతలును ఒకటి యని వారి చరిత్రకారులు చెప్పుదురు. టెంపుల్ గారికి దేశమును తెలిసికొనవలెనను ఆతురత మెండు. ఎవరిని అడిగినను, హిస్లాప్ గారిని అడుగుమనిరి. అట్లు వారిద్దరికి స్నేహము కుదిరెను.

1863 సెప్టెంబరు 4వ తేదీ. వానలింక తగ్గలేదు. నాగపూరునకు దక్షిణమున ఇరువది మైళ్ల దూరములో టాకల్‌ఘాట్ అను గ్రామము చెంత వలయాకారముగా పాతిన రాళ్లున్నవి. మన తెలంగాణపు పల్లెలలో రాక్షసగుళ్లని పిలుచు పూర్వకాలపు సమాధుల వంటివి అవి. ఇనుము వాడుక క్రొత్తగా వచ్చిన కాలపువని నేడు నిర్ణయింపబడినది. వాటిని చూచుటకు టెంపుల్ గారు బోరీలో బస చేసి, హిస్లాప్ గారిని వెంటబెట్టుకొని వెళ్లిరి. పగలంతయు త్రవ్వి చూచిన పిమ్మట అందరును గుర్రములమీద బసకు మరలిరి. హిస్లాప్ గారు మాత్రము ఆగిరి. ఆ గ్రామములో నొక చిన్న పాఠశాల యున్నది; పిల్లల చదువు చూచి పోవలెనని వారి కోరిక. ఎవరును కోరని పని అది. ముందు పోవుడని తోటివారిని సాగనంపి, తాము బడిలోనికి వెళ్లిరి.

పిల్లలు పలకలు చూపిరి, పాఠములు ఒప్పగించిరి. పరీక్ష ముగిసి బయలుదేరునప్పటికి పొద్దు వాలెను. ఉదయము దాటి వచ్చినప్పుడు ఆ వాగులో నీరు కొద్దిగానే యున్నది. ఈ నడుమ ఎగువ వానలకు పెద్ద యేరు పొంగి, నీరు ఎదురుదన్ని వాగును నింపినది. చీకటిలో ఆ సంగతి కనబడదు. పదునెనిమిదేండ్లుగా ఆ దేశపు బాటలను ఎండలలో వానలలో తిరిగిన మనిషి, తనకు తెలిసిన రేవు అనుకొని గుర్రమును నీటిలోనికి దింపిరి.

బోరీలో భోజనమునకు ఎదురుచూచువారి యొద్దకు గుర్రము ఒంటరిగా వచ్చి నిలిచెను. దివిటీలు పట్టుకొని పరుగెత్తిరి. వాగులో దేహము దొరకెను. ఇంక నాలుగు దినములకు వారికి నలువదియారు నిండవలసియుండెను. నాగపూరునకు తెచ్చి సమాధి చేసిరి.

బడిని చూడక అందరితోకూడ బయలుదేరియుండిన యెడల వెలుతురుండగనే వాగు దాటియుండెడివారు. ఆనాటి బసలోనివారందరికి ఈ తలంపు వచ్చియుండక తప్పదు. అయితే ముందు పదునెనిమిదేండ్లలో బడి కనబడినచోట ఆగకపోయిన దినము హిస్లాప్ గారికి లేదు.

వారి పెట్టెలలో గోండుల మీది వ్రాతలు అసంపూర్ణముగా మిగిలిపోయెను. టెంపుల్ గారు వాటిని తామే సరిచూచి, లింగో పాటతోకూడ 1866లో అచ్చువేయించిరి. 1867లో బొంబాయినుండి రైలు నాగపూరు చేరెను. 1883లో నాగపూరు బడి కళాశాలయై హిస్లాప్ కాలేజీ యను పేరు పొందెను. అది నేటికిని నడచుచున్నది. కామఠీ మాత్రము వేరొక దారి పట్టెను. 1881లో అచ్చట సుమారు యాభై యొక్క వేల జనముండిరి. ఆ దశాబ్దములోనే ఛత్తీస్‌గఢ్ మీదుగా బెంగాలు నాగపూరు రైలుమార్గము సాగి బిలాసపూరును పట్టణముగా చేసెను. సరకు బండ్లు విడిచి రైలెక్కెను. లంబాడీల ఎద్దుల మందలు అరుదయ్యెను. 1901 నాటికి కామఠీ జనము ముప్పది తొమ్మిది వేలకు దిగెను. దండు మాత్రము నిలిచినది. నేడు భారత సైన్యపు గార్డ్స్ దళము శిక్షణ కేంద్రము అక్కడనే యున్నది.

ఇక మాలేరి చేపపండ్ల సంగతి. హిస్లాప్ గారు పంపిన ఆ పండ్లను భూగర్భశాఖాధిపతియగు థామస్ ఓల్డ్‌హాం గారు 1859లో పరిశీలించి, మూడు జాతులుగా విడదీసి పేర్లు పెట్టిరి. ఒకటి హిస్లాప్ గారి పేర, ఒకటి హంటర్ గారి పేర. మూడవదానికి దొరగారి పేరు కాక, వీరప్ప అను పేరు పెట్టిరి. ఆ మూడు పేర్లును శాస్త్రగ్రంథములలో నేటికిని ప్రక్కప్రక్కనే అచ్చగుచున్నవి.